మల్లె సెంటు పోయగానే సబ్బు గిన్నెలోనే గట్టిపడితే ఏం చేయాలి?

మిర్యాలగూడ చెల్లెలు అడిగిన ప్రశ్న ముందు రెండు ముక్కల్లో చెప్తాను, కొత్తగా చదివేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. ఆమె ఇంట్లో కోల్డ్ ప్రాసెస్ సబ్బులు, అంటే పొయ్యి మీద వండకుండా నూనెల్లో కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి మౌల్డ్‌లో పోసే సబ్బులు, చేస్తున్నారు. మల్లె ఫ్రాగ్రెన్స్ ఆయిల్ పోసి హ్యాండ్ బ్లెండర్ తిప్పితే నిమిషం తిరక్కుండానే గిన్నెలో మొత్తం బిగుసుకుపోయింది. దానికి ముందు చేసిన వెనీలా సబ్బు తెల్లగా మౌల్డ్‌లోకి వెళ్ళి, వారం తిరిగేసరికి ముదురు గోధుమ రంగుకి వచ్చింది. నారింజ తొక్క నూనె వేసిన సబ్బు ఆరేసరికి వాసనే లేదు. శ్రావణంలో ఆడపడుచు పెళ్ళి, రిటర్న్ గిఫ్టులకి సబ్బులే అనుకున్నారు. "నూనె కల్తీదా, నా చేతిలోనే ఏదైనా లోపముందా?" అని అడిగారు.

అమ్మా, కల్తీ అని ఇప్పుడే తేల్చలేం, మీ చేతిని మాత్రం అనుమానించకండి. మూడు సబ్బుల్లో జరిగినవి మూడు వేరు వేరు సంగతులు. మూడింటికీ మందు ఒకటే అనుకుని నీళ్ళు పెంచడమో, సెంటు తగ్గించడమో చేస్తే ఒకటి బాగుపడి రెండు అలాగే ఉంటాయి.

ముందు మల్లె సంగతి. కాస్టిక్ సోడా నీళ్ళు నూనెని సబ్బుగా మార్చే పని చేస్తుండగా మధ్యలో మనం సెంటు పోస్తాం. అది ఊరికే వాసన ఇచ్చి పక్కన కూర్చోదు. పదుల కొద్దీ రసాయనాల మిశ్రమం కదా, వాటిలో కొన్ని ఆ క్షారంతో వెంటనే కలబడతాయి. లవంగ నూనెలో ఉండే యూజినాల్ దీనికి మంచి ఉదాహరణ. దానికి కొంచెం ఆమ్ల గుణం ఉంది, క్షారం తగలగానే పట్టుకుంటుంది, మిశ్రమం చూస్తుండగానే చిక్కబడుతుంది. లవంగం, దాల్చినచెక్క వాసనలు, పూల సెంట్లలో చాలా మటుకు ఈ జాతివే. మల్లె, గులాబీ, లిల్లీ, సంపెంగ అని సీసా మీద కనిపిస్తే, వేరే రుజువు దొరికేదాకా అది తొందరపెట్టే నూనె అనే నేను లెక్కేసుకుంటాను. మల్లె వాసనకి ముఖ్యమైన బెంజైల్ ఎసిటేట్ క్షారంలో విరిగిపోయే రకం కూడా. అందుకే కొన్ని మల్లె సబ్బులు సీసాలో ఉన్నంత తీయగా వాసన రావు. అది మీ తప్పు కాదు.

ఇక కల్తీ ప్రశ్న. మన దగ్గర చాలామంది బేగంబజార్‌లోనో, చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లోనో కొంటారు. అక్కడ "పర్ఫ్యూమ్ కాంపౌండ్" పేరుతో దొరికేవాటిలో అగర్‌బత్తికి చేసినవి, రూమ్ స్ప్రేకి చేసినవి, బట్టలకి పూసే అత్తర్లు అన్నీ ఉంటాయి. అగర్‌బత్తి సెంటుని పలచన చేయడానికి డైఇథైల్ థాలేట్ లాంటి ద్రావకాలు వాడతారు. అగర్‌బత్తికి అది సరిపోతుంది. సబ్బులో మాత్రం మీరు తూచి పోసినదాంట్లో సెంటెంతో ద్రావకమెంతో తెలియదు, ఒంటికి పడుతుందో లేదో కూడా తెలియదు. ఇంట్లో చేసుకోగలిగే చిన్న పరీక్ష ఒకటుంది. గాజు గ్లాసులో నీళ్ళు పోసి ఒక చుక్క వేయండి. చుక్క తేలినా, మునిగినా విడిగా ఉండాలి. తెల్లగా పాలలాగ పరుచుకుంటే నీళ్ళలో కలిసే ద్రావకం ఏదో అందులో ఉంది, దాన్ని సబ్బుకి వాడకండి. విడిగా ఉన్నంత మాత్రాన శుద్ధమైనదని కాదు, ఒక రకం కల్తీ లేదని మాత్రమే అర్థం.

సబ్బు సామాను అమ్మేవాళ్ళ దగ్గర కొంటే మూడు విషయాలు అడగండి: కోల్డ్ ప్రాసెస్‌లో పరీక్షించారా, వనిలిన్ (వెనీలా వాసననిచ్చే రసాయనం) శాతం ఎంత, సెంట్ల భద్రతకి అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టే ఇఫ్రా సంస్థ పద్ధతిలో సర్టిఫికెట్ ఉందా. ఆ సర్టిఫికెట్‌లో సబ్బుల్లాంటి కడిగేసుకునే వస్తువులకి 9వ కేటగిరీ ఉంటుంది, గరిష్ఠంగా ఎంత శాతం వాడొచ్చో అక్కడ రాసి ఉంటుంది. "స్కిన్ సేఫ్ మేడమ్, ఎంతైనా వేసుకోవచ్చు" అని చెప్పే దుకాణం నుంచి నేను మళ్ళీ కొనను. చాలా సెంట్లకి నూనెల బరువులో 3 శాతం చాలు, అంటే కిలో నూనెకి 30 గ్రాములు. మూతలతో, స్పూన్లతో కొలవకండి, తూచండి. థర్మాకోల్ కప్పులో తూయొద్దు, కొన్ని సెంట్లు దాన్ని కరిగించేస్తాయి. గాజు గానీ స్టీలు గానీ వాడండి.

మీ మల్లె సబ్బు బిగుసుకుపోవడంలో సగం పాపం ఎండది. మే నెలలో నల్గొండ, మిర్యాలగూడ వైపు ఎండ 44, 45 డిగ్రీలు దాకా పోతుంది. వంటింట్లో అలా పెట్టిన నూనె డబ్బానే 38, 40 దగ్గర ఉంటుంది. "గది ఉష్ణోగ్రతకి చల్లారనివ్వండి" అని ఇంగ్లిష్ వీడియోల్లో చెప్పేది వాళ్ళ గది గురించి. సోడా నీళ్ళలో కలిపినప్పుడు ద్రావణం 80 డిగ్రీలు దాటుతుంది, అది మన ఎండాకాలంలో తనంత తాను చల్లారాలంటే పూట పడుతుంది. ఆ వేడి మీద పూల సెంటు పోస్తే ఏ బ్లెండరైనా ఏం చేస్తుంది?

కాబట్టి ముందు రోజు రాత్రే సోడా నీళ్ళు కలిపి పెట్టుకోండి. సోడాని నీళ్ళలో పోయాలి, నీళ్ళని సోడాలో పోయకూడదు. కిటికీ తెరిచి, చేతులకి గ్లోవ్స్, కళ్ళకి అద్దాలు పెట్టుకుని కలపండి. స్టీలు పాత్రలో గానీ, అడుగున 2 లేదా 5 అంకె ఉన్న మందపాటి ప్లాస్టిక్ జగ్గులో గానీ కలపొచ్చు. అల్యూమినియం సత్తు గిన్నెలు వద్దే వద్దు, సోడా దాన్ని తినేస్తూ మండే వాయువుని వదులుతుంది. మూత పెట్టి, పైన పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకి అందని చోట పెట్టండి. తెల్లవారుజామున, ఇంకా ఎండ రాకముందే సబ్బు పని మొదలుపెట్టండి. నూనెల గిన్నెని చల్లటి నీళ్ళ టబ్బులో కూర్చోబెట్టండి, అవసరమైతే ఆ టబ్బులో ఐసు ముక్కలు వేయండి. నూనెలు, సోడా నీళ్ళు రెండూ 30 నుంచి 35 మధ్యకి రావాలి. ఒక్క థర్మామీటర్ కొనుక్కోండి, చేత్తో ముట్టి చూసే పనే ఉండదు.

ఇక నూనెల పాళ్ళు. మీరు రాసిన లెక్కలో కొబ్బరి, పామాయిల్ కలిపి 70 శాతం దాకా ఉన్నాయి, ఆముదం 15 శాతం ఉంది. సబ్బు గట్టిగా రావాలని కొబ్బరి, పామాయిల్ పెంచారు, నురగ బాగా రావాలని ఆముదం పెంచారు. మామూలు రోజుల్లో సరేగానీ, పూల సెంటు వేసేటప్పుడు ఇది త్వరగా బిగిసే పాకం. మన మహబూబ్‌నగర్, నల్గొండ పొలాల్లో ఒకప్పుడు ఆముదం బాగా పండేది, గానుగ దగ్గర మంచిది దొరుకుతుంది, దాంతో మనవాళ్ళు కొంచెం ధారాళంగానే పోసేస్తారు. 5 శాతం దాటించకండి. పల్లి నూనె నిదానంగా నడుస్తుంది, దాన్ని పెంచండి. మొండి సెంట్లకి నేను పెట్టుకున్న పాళ్ళు ఇవి: కిలో నూనెలో పల్లి నూనె 500 గ్రాములు, కొబ్బరి 250, పామాయిల్ 200, ఆముదం 50. దీనికి 5 శాతం నూనె సబ్బుగా మారకుండా మిగిలేలా లెక్కేస్తే కాస్టిక్ సోడా సుమారు 141 గ్రాములు వస్తుంది, నీళ్ళు 330 గ్రాములు పోయండి. మీ నూనెల్లో ఒక్కటి మారినా సోడా లెక్క మారుతుంది, ఆన్‌లైన్‌లో దొరికే సబ్బు కాలిక్యులేటర్‌లో మళ్ళీ వేసుకోవాల్సిందే. మీరు వాడిన 33 శాతం ద్రావణం (సోడా ఒక వంతు, నీళ్ళు రెండు వంతులు) ప్రకారమైతే నీళ్ళు 286 గ్రాములే అవుతాయి. ఆ తేడా నీళ్ళే మీకు చేతిలో కాస్త టైమ్ ఇస్తాయి. సబ్బు మొదట్లో మెత్తగా ఉంటుంది, అచ్చులో ఒక రోజు ఎక్కువ ఉంచితే సరిపోతుంది. తేనెమైనం, స్టియరిక్ యాసిడ్ లాంటి సబ్బుని గట్టిపరిచేవి ఇలాంటి సెంటు ఉన్న బ్యాచ్‌లో అసలు వేయకండి.

నీళ్ళ గురించి ఒక్క మాట. నల్గొండ అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. సబ్బుకి మాత్రం అసలు ఇబ్బంది బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంతో, ఇనుము లాంటి లోహాలతో. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తెచ్చుకోండి, అంతే.

ఇప్పుడు మల్లె నూనె ఎలా కలపాలో చెప్తాను, అసలు పని ఇక్కడే ఉంది. చాలామంది ట్రేస్ వచ్చాక, అంటే మిశ్రమం చిక్కబడి పైన వేసిన చుక్క గుర్తు నిలిచాక సెంటు పోస్తారు. మామూలు సెంట్లకి అది సరే. తొందరపెట్టే సెంటుకి అప్పటికే ఆలస్యమైపోయినట్టే. నేను దాన్ని ముందే నూనెల్లో కలిపేస్తాను. సోడా నీళ్ళు పోసే ముందే మౌల్డ్ పక్కన సిద్ధంగా ఉండాలి, లోపల కాగితం వేసి ఉండాలి, గరిటె చేతికి అందాలి. రంగు వేయాలంటే అది కూడా నూనెలో ముందే కలిపేయండి. సోడా నీళ్ళు సన్నని ధారగా పోస్తూ చేతి విస్క్‌తో తిప్పండి. హ్యాండ్ బ్లెండర్ స్విచ్ వేయొద్దు, చాలా అయితే స్విచ్ వేయకుండా దాన్నే గరిటెలా తిప్పండి. గిన్నె అంచు దగ్గర చూస్తూ ఉండండి. మొదట నూనె విడిగా మెరుస్తూ గీతలు గీతలుగా కనిపిస్తుంది. తిప్పుతుంటే ఆ మెరుపు పోయి, మొత్తం ఒకే రంగులో, మసక పసుపులోకి వస్తుంది, విస్క్ ఎత్తి పట్టుకుంటే కారే ధార ఎక్కడా తెగకుండా ఒకేలా పడుతుంది. అక్కడే ఆపేసి పోసేయండి. ఇంకొంచెం చిక్కబడనిద్దాం అనుకున్నారంటే మళ్ళీ గిన్నెలోనే బిగుస్తుంది. మౌల్డ్‌లో అది తనంత తానే చిక్కబడుతుంది, ఆ పని దానికి వదిలేయండి. మల్లె సబ్బులో రంగులు సుడులు తిరిగేలా పోసే స్విర్ల్ డిజైన్లు మర్చిపోండి, ఒకే రంగు, పైన సాదాగా. ఎండాకాలం దుప్పట్లు కప్పే పని కూడా లేదు, పూల సెంట్లు లోపల వేడెక్కి పై భాగం పగిలేలా చేస్తాయి.

కొన్ని సెంట్లు బిగుసుకోవు గానీ పలుకులు పలుకులుగా విరిగి, పాయసంలో సగ్గుబియ్యం తేలినట్టు కనిపిస్తాయి. దాన్ని రైసింగ్ అంటారు. దీనికి హ్యాండ్ బ్లెండర్ కొన్ని సెకన్లు తిప్పితే పలుకులు కలిసిపోతాయి, తర్వాత త్వరగా చిక్కబడుతుంది కాబట్టి వెంటనే పోయాలి. ఇంకొన్నిసార్లు నూనె పైకి విడిపోయి తేలుతుంది. ఓపికగా తిప్పుతూ ఉంటే మళ్ళీ కలుస్తుంది, విడిపోయినదాన్ని అలాగే మౌల్డ్‌లో పోయకండి, కింద సోడా పేరుకుంటుంది. డిసెంబరు పొద్దునపూట మాత్రం జాగ్రత్తగా చూడండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, పామాయిల్ అంతకన్నా ముందే పలుకులు పడుతుంది. సెంటు వేయకముందే పలుకులు కనిపిస్తే అది చలి పని, కాస్త వేడి చేస్తే కరిగిపోతుంది. సెంటు వేశాక వస్తేనే సెంటుని అనాలి.

బిగుసుకుపోయిన మీ కిలో సబ్బు పారేయకండి. ఇలాంటిది మళ్ళీ జరిగితే, ఇంకా గరిటెకి లొంగుతున్నప్పుడే గ్లోవ్స్‌తో గట్టిగా మౌల్డ్‌లోకి అదిమి, మౌల్డ్‌ని బండ మీద రెండు మూడుసార్లు కొట్టండి, లోపలి గాలి పోతుంది. చూడటానికి ముద్దముద్దగా ఉన్నా సబ్బు సబ్బే. మీది ఇప్పటికే గిన్నెలో గట్టిపడింది కాబట్టి వండేయడం మంచిది. ముక్కలు చేసి స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెని మరుగుతున్న నీళ్ళున్న పెద్ద గిన్నెలో పెట్టి, మూత వేసి సన్నని సెగ మీద ఉంచండి. మరీ పొడిగా ఉంటే రెండు స్పూన్ల వేడి నీళ్ళు చల్లండి. మధ్య మధ్యలో కలుపుతూ ఉంటే గంట అటూ ఇటూ మొత్తం పారదర్శకంగా, మెరుస్తూ కనిపిస్తుంది. గిన్నెలో సగం ఖాళీ ఉండాలి, ఒక్కసారి పైకి పొంగొచ్చు. చల్లారాక తడి వేలితో రుద్ది నాలుక కొసకి తాకించండి. చురుక్కుమని షాక్ కొట్టినట్టుంటే సోడా ఇంకా మిగిలి ఉంది, ఇంకాసేపు వండాలి. సబ్బు రుచి మాత్రమే తగిలితే అయిపోయినట్టే. వాసన కొంత పోతుంది, ఇంట్లో వాడుకోండి.

వెనీలా విషయానికి వస్తే, దాన్ని ఆపలేరు. వనిలిన్, ఇథైల్ వనిలిన్ సబ్బులో గోధుమ రంగుకి తిరుగుతాయి. శాతం తక్కువుంటే బిస్కెట్ రంగు, 10 శాతం దాటితే ముదురు చాక్లెట్ రంగు. రంగు మారడం ఒక్క రోజులో ఆగదు, వారాల తరబడి ముదురుతూనే ఉంటుంది, గాలి తగిలే పై పొర ముందు మారుతుంది. వెనీలా పేరు లేకపోయినా గంధం, సాంబ్రాణి, చాక్లెట్, కాఫీ, మిఠాయి వాసనల్లో చాలావాటిలో వనిలిన్ ఉంటుంది. గంధం సబ్బు ఎందుకు నల్లబడిందని అడిగేవాళ్ళకీ ఇదే జవాబు. రంగు మారకుండా చేసే స్టెబిలైజర్ అని అమ్ముతారు. కరిగించి పోసే సబ్బు బేస్‌లో పనిచేస్తుందేమోగానీ, మన కోల్డ్ ప్రాసెస్‌లో దాని మీద డబ్బులు పెట్టకండి. టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల రంగు పొడి వేస్తే చాక్లెట్ రంగు కొంచెం పలచబడుతుంది, తెలుపు మాత్రం రాదు. సగం మిశ్రమంలో సెంటు వేయకుండా తెల్లగా ఉంచి రెండు రంగుల సబ్బు చేద్దామని అందరికీ అనిపిస్తుంది. మొదటి వారం ఫోటో చాలా బాగుంటుంది. నెల తిరిగేసరికి వనిలిన్ పక్కకి పాకి తెల్ల భాగం అంచులు కూడా మాసినట్టవుతాయి. మీకు నా సలహా, దాన్ని మొదటి నుంచే కాఫీ రంగు సబ్బు అని చెప్పి ఇవ్వండి.

నారింజ, నిమ్మ తొక్కల నూనెల్లో ఎక్కువ భాగం లిమొనీన్, తేలికగా ఎగిరిపోయే రకం. దానికి బదులు నిమ్మగడ్డి నూనె వాడితే వాసన చాలాకాలం నిలుస్తుంది, కొంచెం పసుపు రంగు వస్తుంది. లేదా నారింజకి తోడు కాస్త వట్టివేరు నూనె గానీ పచౌలి ఆకు నూనె గానీ కలపండి. తెల్ల మట్టి కలిపితే వాసనని పట్టి ఉంచుతుందంటారు. నాకు మట్టి ఉన్నదానికీ లేనిదానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇంకొకటి, సీసా మీద ఫ్లాష్ పాయింట్ 60 డిగ్రీలు అని ఉంటే ఆ వేడిలో సెంటు మొత్తం ఆవిరైపోతుందని భయపడకండి. అది మంట చూపిస్తే ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత, వాసన నిలవడానికీ దానికీ సంబంధం లేదు. ఆరబెట్టే చోటు మాత్రం ముఖ్యం. రేకుల షెడ్డులో, మేడ మీద గదిలో పెడితే ఉన్న వాసన కూడా పోతుంది. నీడలో, గాలి ఆడే చోట అరల్లో పెట్టండి.

చాలామంది తాజా మల్లెపూలు కొబ్బరి నూనెలో నానబెట్టి ఆ నూనెతో చేస్తే సహజమైన వాసన వస్తుందా అని అడుగుతుంటారు. రాదు. క్షారం ముందు ఆ కొద్ది పరిమళం నిలవదు, పైన అద్దిన పూరేకులు కూడా కొన్నాళ్ళకి గోధుమ రంగుకి మారిపోతాయి. మల్లెలు జడలోకే బాగుంటాయి.

ఇక ఏ కొత్త సీసా తెచ్చినా కిలో బ్యాచ్‌లో పోసేముందు చిన్న పరీక్ష చేయండి. నేను చెప్పిన పాళ్ళలోనే 200 గ్రాముల నూనె తీసుకుంటే సోడా 28.2 గ్రాములు, నీళ్ళు 66 గ్రాములు. ఇంత చిన్న తూకానికి వంటింటి కాటా సరిపోదు, దశాంశం చూపించే చిన్న కాటా కావాలి. విస్క్‌తో కలిసిపోయేదాకా తిప్పి, రెండు స్టీలు గ్లాసుల్లో సగం సగం పోయండి. ఒకదాంట్లో 3 గ్రాముల సెంటు వేయండి, రెండోది సాదాగా ఉంచండి. రెండింటినీ చెంచాతో ఒకేలా తిప్పుతూ ఫోన్ గడియారం చూడండి. సెంటు గ్లాసు ఎన్ని నిమిషాలకి చెంచాకి అడ్డం పడింది, పలుకులు వచ్చాయా, నూనె తేలిందా, గ్లాసు బయట వేడెక్కిందా అన్నీ సీసా మీద చీటీ అంటించి రాసుకోండి. మర్నాడు, వారానికి, నెలకి రంగు చూసి అదే చీటీలో చేర్చండి. సాదా గ్లాసు కూడా అంతే వేగంగా గట్టిపడిందంటే తప్పు సెంటుది కాదు, వేడిదో నూనెల పాళ్ళదో.

పెళ్ళి సబ్బుల సంగతి. కోల్డ్ ప్రాసెస్ సబ్బు కనీసం 4 వారాలు ఆరాలి, పల్లి నూనె ఎక్కువున్నది 6 వారాలు ఆరితే గట్టిగా ఉంటుంది. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేస్తే మీకు ఒక పరీక్ష, ఒక అసలు బ్యాచ్‌కే టైమ్ ఉంది. మల్లె మీద అంత పట్టింపు లేకపోతే లావెండర్ గానీ నిమ్మగడ్డి గానీ పెట్టుకోండి, రెండూ మామూలుగా చెప్పిన మాట వింటాయి. అత్తగారు మల్లే కావాలంటే, ఈ వారమే చిన్న గ్లాసు పరీక్ష చేసి, వచ్చే వారం తెల్లవారుజామున కిలో కిలో చొప్పున పోయండి. ఐదు కిలోలు ఒకేసారి కలపకండి, ఒకటి బిగిసినా మిగతావి మిగులుతాయి. వానలు మొదలయ్యాక సబ్బుల మీద చెమటలా నీటి చుక్కలు పడితే కంగారు పడకండి. గ్లిజరిన్ గాలిలో తేమని లాగుతోంది, ఫ్యాన్ గాలికి పెట్టండి చాలు. ఇంట్లోవాళ్ళకి, చుట్టాలకి ఇచ్చుకోవడం వేరు. దీన్ని వ్యాపారంగా అమ్మాలనుకుంటే మాత్రం కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద తయారీ లైసెన్సు ఉండాలి, ఆ పని ముందు చూసుకోండి. గిఫ్టు డబ్బా మీద పేర్లు, ముహూర్తంతో పాటు అందులో వాడిన నూనెలన్నీ రాయించండి. పల్లీలు పడనివాళ్ళు పెళ్ళికి ఎవరైనా రావచ్చు, ఆ పేరు మాత్రం అందరికీ కనిపించేలా ముందు వరసలో ఉండాలి.